రౌండబౌట్ దగ్గర నిమ్మకాయ

ఆక్లాండ్ శివారు పాపటోయిటోయిలో నిమ్మకాయలు ఎవరూ కొనరు. ఏ ఇంటి పెరట్లో చూసినా ఒక చెట్టు ఉంటుంది. చలికాలం వచ్చేసరికి కాయలు విరగకాస్తాయి. ఇంటివాళ్ళు వాడలేక గేటు బయట అట్టపెట్టెలో పోసి 'ఫ్రీ' అని రాసి పెడతారు. దారినపోయేవాళ్ళు నాలుగు కాయలు సంచిలో వేసుకుని పోతారు. నేను మాత్రం ఆ పెట్టెల దగ్గర ఆగను. నా భార్య కారు ఆపమన్నా ఆపను, సూపర్‌మార్కెట్‌లో డబ్బు పోసి కొంటాను. ఆవిడ నాకు పిచ్చి అంటుంది. కొంతవరకు నిజమే. ఆ పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలంటే మా పాత ఫ్లాట్ గురించి, అందులో ఒక చలికాలమంతా మాతో ఉన్న బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాడి గురించి చెప్పాలి.

అప్పటికి నేను ఆక్లాండ్‌లో బిజినెస్ డిప్లొమా చదివి, ఆ చదువుకి ఏమాత్రం సంబంధం లేని పనిలో కుదిరాను. ఎయిర్‌పోర్ట్ పక్కన గోడౌన్. అట్టపెట్టెలు దించడం, స్టిక్కర్లు చూసి సర్దడం, మళ్ళీ ఎక్కించడం. నాతోపాటు చదివిన నరసరావుపేట స్నేహితుడూ అక్కడే పని. ఇద్దరం కలిసి మూడు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాం. మూడో గది ఖాళీగా ఉన్న రోజుల్లో గోడౌన్‌లోకి ఒక కొత్త మనిషి వచ్చాడు. పొడవుగా, నల్లగా, నడుస్తుంటే నేల మీద బరువు పడనట్టు ఉండేవాడు. వయసు ముప్పై దాటి ఉంటుంది. మా సూపర్‌వైజర్ శనివారాలు అక్కడి ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పనులు చూసేవాడు. బ్రెజిల్ నుంచి స్ట్రైకర్‌ని తెచ్చుకున్నామని, ఆట డబ్బు బతకడానికి చాలదు కాబట్టి ఇక్కడ పని ఇప్పించామని, ఇతనికి గది కావాలని చెప్పాడు. మా గది ఉందని నేను నోరు జారాను.

"ఫుట్‌బాల్ ఆడేవోడా? మనకెందుకురా ఆ గోల? ఇంట్లో ఏం వండుతాడో అడిగావా?" అన్నాడు నా స్నేహితుడు.

"అడగలా. నువ్వడుగు."

"స్ట్రైకర్ అంటే ఏందో తెలుసా నీకు? గోల్ కొట్టటం ఒకటే ఆడి పని. కొట్టినన్నాళ్ళు నెత్తిన పెట్టుకుంటారు. కొట్టకపోతే తీసి బయట పారేస్తారు. అద్దె ఎవుడిస్తాడు అప్పుడు?"

నాకు క్రికెట్ తప్ప మరో ఆట తెలియదు. అయినా మాట ఇచ్చాక వెనక్కి తీసుకోవడం చేతకాక ఊరుకున్నాను. ఆదివారం అతను ఒక పెద్ద బ్యాగు, ఒక బంతితో వచ్చాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. కింద చూసుకుని, ముందుకు వచ్చిన ఎడమకాలు వెనక్కి తీసి, కుడికాలు లోపల పెట్టాడు. మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. గ్రౌండులోకైనా, కొత్త ఇంట్లోకైనా కుడికాలే ముందు పెట్టాలని వాళ్ళ అమ్మమ్మ నేర్పిందట. ఆ సాయంత్రం నా స్నేహితుడు అద్దె మాట ఎత్తలేదు. పైగా అతనికి పప్పు వడ్డించాడు.

టీ బ్రేక్‌లో అతను తన కథ చెప్పేవాడు, ముక్కలు ముక్కలుగా. అతని ఇంగ్లీషు అంతంతమాత్రం, మాది అంతకన్నా గొప్పదేం కాదు. ఒక దేశం పేరు చెప్పి, అక్కడ ఏం తిన్నాడో చెప్పి ఊరుకునేవాడు. పుట్టింది బ్రెజిల్ ఈశాన్యంలో, వానలు సరిగా పడని ఊళ్ళో. మీసం వచ్చీరాని వయసులో పోర్చుగల్ తీసుకుపోయారు. అక్కడ చిన్న జట్టుకి బాగా గోల్స్ కొడితే పేపర్లో ఫోటో వేశారు, పెద్ద జట్టు కొంటుందన్నారు, కొనలేదు. తర్వాత సైప్రస్. ఆపైన ఉత్తరాన ఎక్కడో ఒక చలిదేశం. దాని పేరు చెప్పేవాడు కాదు. 'ఆ చలి ఉన్న చోటు' అనేవాడు, అక్కడ ఏం తిన్నాడో కూడా చెప్పేవాడు కాదు. అక్కడి నుంచి వియత్నాం. అక్కడి నుంచి మా దగ్గరికి.

"దేశం మారినప్పుడల్లా గ్రౌండు చిన్నదవుతూ వచ్చింది" అని నవ్వాడు ఒకసారి. నేనూ నవ్వాను. మేం చదివిన చదువులకీ, చేస్తున్న పనులకీ అదే వరస కాబట్టి ఆ మాట నాకు వెంటనే అర్థమైంది.

మొదటిసారి అతని ఆట చూడటానికి వెళ్ళిన రోజు ఇంకా కళ్ళముందే ఉంది. స్టేడియం అనుకుని వెళ్ళాం. తీరా చూస్తే పార్కు. ఒక పక్క రేకుల షెడ్డు, దాని ముందు పెనం మీద సాసేజీలు కాలుస్తున్న ఒక పెద్దాయన, కుక్కలతో వచ్చిన కొందరు. గాలి చెవులు కోసేస్తోంది. ఆట మొదలయ్యాక మాత్రం చలి మర్చిపోయాను. బంతి అతని కాలి దగ్గరికి వచ్చిందంటే చాలు, మిగతా వాళ్ళంతా ఆగినట్టు, అతనొక్కడే కదులుతున్నట్టు కనిపించేది. ఇద్దరిని దాటాడు, మూడోవాడిని పక్కకి పంపాడు. ఇక ముందు గోల్‌కీపర్ ఒక్కడే ఉన్నాడు. ఆ గోల్‌కీపర్ చేతులు చాచి ఎదురు పరిగెత్తుకొచ్చాడు.

అప్పుడు అతను ఆగిపోయాడు. జారిపడలేదు, ఎవరూ లాగలేదు. ఒక్క క్షణం నిలబడిపోయాడు, అంతే. ఈలోగా గోల్‌కీపర్ వచ్చి బంతి మీద పడ్డాడు. చుట్టూ జనం ఉసూరుమన్నారు. మొదటిసారి కదా అనుకున్నాం. రెండో సగంలో మళ్ళీ అదే జరిగింది. వచ్చే శనివారం అదే, ఆ పై శనివారం అదే. దూరం నుంచి కొట్టినవి కొన్ని గోల్ స్తంభానికి తగిలి పోయేవి. దగ్గరికి వెళ్ళి, ఎదుట మనిషి ఉన్నప్పుడు మాత్రం అతని కాలు లేచేది కాదు.

సూపర్‌వైజర్ గోడౌన్‌లో నన్ను పక్కకి పిలిచి అడిగాడు, ఇంట్లో ఏమైనా తాగుతున్నాడా అని. లేదన్నాను. సీజన్ అయిపోయేలోపు గోల్స్ రాకపోతే క్లబ్బు ఇతన్ని ఉంచుకోదని, క్లబ్బు కాగితం ఇవ్వకపోతే వీసా ఉండదని చెప్పాడు. ఫుట్‌బాల్ గురించి నాకు ఎవరైనా చెప్పాలి గానీ వీసా గురించి చెప్పక్కర్లేదు. ఆ రోజు నుంచి అతని గోల్ నా సొంత గొడవ అయిపోయింది.

సాయంత్రాలు పని నుంచి వచ్చాక అతను గరాజ్ వెనకగోడ మీద సుద్దతో ఒక గుండ్రని గీత గీసి బంతి కొట్టేవాడు. ఠప్. ఆగి, మళ్ళీ ఠప్. వంటింట్లో నిలబడి చూసేవాణ్ణి. ప్రతిసారీ ఆ గీతలోనే తగిలేది. గోడకి చేతులు లేవు, గోడ ఎదురు రాదు. అందుకే కాబోలు. చీకటి పడ్డాక కూడా ఆ చప్పుడు కాసేపు వినిపించేది. వినగా వినగా నాకు అది ఎవరో తలుపు తడుతున్నట్టు అనిపించి, తడుతున్నది ఎవరో తెలియక చిరాకు పుట్టేది.

ఆ చలికాలంలోనే నా స్నేహితుడి అమ్మగారు విజిటర్ వీసా మీద వచ్చారు. నేను ఆంటీ అనేవాణ్ణి. సూట్‌కేసు నిండా పచ్చళ్ళు తెస్తే ఇక్కడి ఎయిర్‌పోర్ట్‌లో సగం తీసేసుకున్నారు. ఆవిడకి ఆ కోపం వారం రోజులు పోలేదు. బ్రెజిల్ అతనికీ ఆవిడకీ మధ్య ఒక్క భాష లేదు. అయినా ఆవిడ తెలుగులోనే మాట్లాడేది, అతను పోర్చుగీసులో జవాబు చెప్పేవాడు, ఇద్దరికీ ఏ ఇబ్బందీ కనిపించేది కాదు. ఒకరోజు ఆవిడ అలసందలు ఉడకబెట్టి, తాలింపు పెట్టి, అన్నంలోకి వడ్డించింది. అతను మొదటి ముద్ద తిని ప్లేటు పక్కన పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. కారం ఎక్కువైందేమో అని ఆవిడ నీళ్ళు తెచ్చింది. కారం కాదు. వాళ్ళ ఊళ్ళో అన్నంలోకి అవే గింజలట, ఊరు వదిలాక ఎక్కడా దొరకలేదట.

"ఏందిరా ఆ పిల్లోడు అట్టా ఉన్నాడు?" అని ఆ రోజే అడిగింది ఆంటీ. "తింటానే ఉన్నాడు, ఒంటబట్టట్లా. ఆ కళ్ళు చూడు, ఎవుర్నో చూసి జడుసుకున్నట్టు. వాడికి దిష్టి తగిలిందిరా."

"అమ్మా, ఇక్కడ అయ్యేం మొదలుపెట్టబాకు" అన్నాడు నా స్నేహితుడు.

మొదలుపెట్టింది. ఉప్పూ మిరపకాయలూ గుప్పిట పట్టుకుని, అతని చుట్టూ తిప్పి, పొయ్యి మీద కాలుతున్న పెనంలో వేసింది. ఇంట్లో స్మోక్ అలారం కూత మొదలుపెట్టింది. మేం దగ్గుతూ తలుపులన్నీ తీశాం, నా స్నేహితుడు కుర్చీ ఎక్కి తువ్వాలుతో అలారానికి విసిరాడు, పక్కింటి ఫిజీ ఆవిడ గోడ మీంచి తొంగిచూసి ఫైరింజన్‌ని పిలవమంటారా అని అడిగింది. అంత గోలలోనూ బ్రెజిల్ అతను కుర్చీలోంచి లేవలేదు. నవ్వలేదు కూడా. ఆవిడ ఏం చేసిందో చెప్పమని నన్ను అడిగాడు. నాకు వచ్చిన ఇంగ్లీషులో, పడకూడని కన్ను పడితే ఇలా తీస్తారని చెప్పాను.

"మా అమ్మమ్మ ఆకులతో తీసేది" అన్నాడు. "ఒక కొమ్మ తుంచి, తల నుంచి కాళ్ళ దాకా. కొమ్మ వాడిపోతే దిష్టి ఉన్నట్టు." ఆంటీ వైపు చూసి అన్నాడు. "కానీ నాది కన్ను కాదు. నాది ఒక మనిషి."

ఆ చలి ఉన్న చోటు గురించి అప్పుడు చెప్పాడు. అతను చెబుతుంటే నేను ఆంటీకి ఒక్కో మాటా తెలుగులో చెప్పాను. వేరే ఊరికి వెళ్ళి ఆడుతున్నారు. అవతలి జట్టు గోల్‌కీపర్ బాగా చిన్నవాడు, పెద్దవాళ్ళతో అతనికి అదే మొదటి ఆట. బంతి ఇద్దరి మధ్యకీ వచ్చింది. ఆ కుర్రవాడు తల ముందుకి పెట్టి దూకాడు, ఇతను కాలు పెట్టాడు. బంతి గోల్‌లోకి పోయింది. ఇతని మోకాలికి ఏదో తగిలినట్టు అనిపించింది, అంతే. రెండు చేతులూ చాచి మూలకి పరిగెత్తాడు. అక్కడ జెండా కర్ర చుట్టూ గంతులు వేశాడు. గ్రౌండంతా నిశ్శబ్దంగా ఉంది. అది వాళ్ళ ఊరు కదా, పరాయి జట్టు గోల్ కొడితే జనం అలాగే ఉంటారు, అందుకే నిశ్శబ్దం అనుకున్నాడు. ఇంకా గట్టిగా గంతులు వేశాడు.

ఇక్కడ నేను ఆగాను. ఆ తర్వాతి మాట తెలుగులోకి ఎలా మార్చాలో తెలియక కాదు, ఆంటీ మొహం చూసి చెప్పలేకపోయాను. ఆవిడే "చెప్పు నాయనా" అంది. చెప్పాను.

ఆ కుర్రవాడు చనిపోలేదు. కానీ ఇప్పుడు ఎవరినీ గుర్తుపట్టడు, చేత్తో ఏదీ పట్టుకోలేడు. తప్పు ఎవరిదీ కాదన్నారు. రిఫరీ ఆ గోల్ లెక్కలోకి తీసుకున్నాడు. ఇతను చూడటానికి వెళితే ఆ కుర్రవాడి అమ్మ టీ ఇచ్చింది, ఏమీ అనలేదు. అప్పటి నుంచి ఏ దేశంలోనైనా సరే, గోల్‌కీపర్ చేతులు చాచి ఎదురొస్తే ఇతనికి ఆ మొహమే కనిపిస్తోంది. తన చెవుల్లో ఆ నిశ్శబ్దమే వినిపిస్తోంది. అప్పుడు కాలు ఎలా లేస్తుందని నన్ను అడిగాడు, నాకేదో తెలిసినట్టు.

ఆంటీ అతని తల మీద చెయ్యి వేసి చాలాసేపు ఉంచింది. ఆ తర్వాత మా వైపు తిరిగి, నిప్పుతో పని లేకుండా నిమ్మకాయతో తీద్దామని, ఆదివారం సందెవేళ కానిద్దామని అంది. ఈసారి నా స్నేహితుడు ఒక్క మాట అడ్డం చెప్పలేదు.

ఆదివారం నేనే వీధిలోకి వెళ్ళి, రెండిళ్ళ అవతల గేటు దగ్గరున్న పెట్టెలోంచి మంచి కాయ ఏరి తెచ్చాను. ఆంటీ దాన్ని కడిగి కుంకుమ బొట్టు పెట్టింది. అతన్ని గరాజ్‌లో తూర్పుకి తిప్పి కూర్చోబెట్టింది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అంటూ మొదలుపెట్టి, దేశాల దిష్టి, గ్రౌండుల దిష్టి అని తనకి తోచినవన్నీ కలిపి, చివర గొంతు తగ్గించి, "ఆ బిడ్డ ఉసురు ఏవన్నా ఉంటే అదీ" అంది. అతను కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. కాయ నా చేతికి ఇచ్చి, నాలుగు దారులు కలిసే చోట వేసి వెనక్కి చూడకుండా రమ్మంది. మా వీధి చివర రౌండబౌట్ ఉంది. నాలుగు వీధులు అక్కడ కలుస్తాయి, ఒక మూల ప్రైమరీ స్కూలు. ఆదివారం కాబట్టి ఎవరూ లేరు. కాయని రోడ్డు అంచున వేసి, వెనక్కి చూడకుండా వచ్చి, పెరట్లో కొళాయి కింద కాళ్ళు కడుక్కున్నాను. ఆ చలికి కాళ్ళు కొంకర్లు పోయాయి గానీ మనసు తేలికపడింది.

టీ తాగుతున్నాం. అతని మొహంలో ఏదో తెరిపి కనిపించింది, లేక నేనలా అనుకున్నాను. నిమ్మకాయ ఏం చేశావని అడిగాడు. రౌండబౌట్ దగ్గర వేశానని, ఇక దిష్టి దానితో పోతుందని ఉత్సాహంగా చెప్పాను.

"పోయి ఎక్కడికి వెళుతుంది?"

నాకు తెలియదు. ఆంటీని అడిగాను.

"ఎవురు తొక్కితే వాళ్ళకి" అంది ఆవిడ, టీలో చక్కెర కలుపుతూ.

ఏమీ ఆలోచించకుండా ఆ మాట అలాగే చెప్పేశాను. అతను కప్పు కింద పెట్టాడు. నేను సర్దిచెప్పబోయాను. మా ఊళ్ళో అలా ఎవరూ తొక్కరని, బొట్టు పెట్టిన కాయ రోడ్డు మీద కనిపిస్తే చిన్నపిల్లలు కూడా చుట్టూ తిరిగి పోతారని, అది అందరికీ తెలిసిన సంగతని చెప్పాను.

"ఇక్కడ?" అన్నాడు.

అప్పటిదాకా ఆ ఆలోచన మాకెవరికీ రాలేదు. ఇక్కడ నిమ్మకాయ చూసి భయపడేవాళ్ళు ఎవరున్నారు? మన దగ్గర అయితే బస్సు డ్రైవర్ కూడా స్టీరింగ్ కాస్త పక్కకి తిప్పుతాడు. ఇక్కడ కాయ కనిపిస్తే గేటు పెట్టెలోంచి దొర్లిందనుకుని చేతిలోకి తీసుకుంటారు. పిల్లలైతే కాలితో తంతారు. తెల్లారితే సోమవారం, స్కూలు.

అతను అప్పటికే లేచి, చెప్పులతోనే వీధిలోకి వెళ్ళిపోయాడు. మేం ముగ్గురం వెనక పడ్డాం. సందె వెలుగు ఇంకా కొంచెం మిగిలి ఉంది. నేను వేసిన చోట కాయ లేదు. ఏ కారు చక్రమో తగిలి దొర్లిపోయినట్టుంది. అతను ఫోను లైటు వేసుకుని, కాలువ అంచు వెంబడి వంగి వెతుక్కుంటూ పోయాడు. నేనూ వంగి వెతికాను. ఆ చీకటి నీళ్ళలో ఆకుల కింద చెయ్యి పెట్టాలంటే నాకు భయం వేసింది, నిజం చెబుతున్నాను. చివరికి స్కూలు గేటు ముందు, పిల్లలు రోడ్డు దాటే చోట దొరికింది. చెక్కు చెదరలేదు, బొట్టు సగం చెరిగింది.

"ముట్టుకోవద్దని చెప్పరా, కర్రతో తీసి పారేద్దాం" అంది ఆంటీ రొప్పుతూ.

చెప్పాను. అతను వినిపించుకోలేదు. కాయని అరచేతిలోకి తీసుకుని, తుడిచి, జేబులో వేసుకున్నాడు.

"ఇది నాది" అన్నాడు. ఆ మాటకి అనువాదం ఆంటీ అడగలేదు.

ఆ నిమ్మకాయ అతని కిట్ బ్యాగు పక్కజేబులోకి చేరింది. ఆటకి వెళ్ళేటప్పుడు బూట్లతోపాటు అదీ వెళ్ళేది. ఎండుతూ, ముడుచుకుంటూ, గట్టిపడుతూ వచ్చింది. నా స్నేహితుడు ఆ బ్యాగుకి దూరంగా నడిచేవాడు. నేను నమ్మనివాడిలా దాన్ని రెండుసార్లు పక్కకి జరిపాను గానీ, జరిపినప్పుడల్లా చెయ్యి కడుక్కున్నాను.

సీజన్ ఆఖరి ఆట రోజు వాన. ఆంటీ కూడా గొడుగు వేసుకుని వచ్చింది. ఒక్క గోల్ చాలు, వచ్చే ఏడాది కాగితం ఇస్తామని సూపర్‌వైజర్ ముందు రోజే చెప్పాడు. ఆట అయిపోవస్తుండగా బంతి అతనికి దొరికింది. ముందు ఎవరూ లేరు. గోల్‌కీపర్ బయటికి వచ్చాడు. ఈసారి అతను ఆగలేదు. నేను గట్టిగా అరిచాను. గోల్‌కీపర్ బురదలో తల ముందుకి పెట్టి దూకాడు. బ్రెజిల్ అతని కాలు బంతికి జానెడు దూరంలో ఉంది. కాలు వెనక్కి లాక్కుని, ఆ గోల్‌కీపర్ మీది నుంచి ఎగిరి, అవతల బురదలో పడ్డాడు. బంతి గోల్‌కీపర్ పొట్ట కింద ఉంది.

నాకు ఎంత కోపం వచ్చిందంటే, అతను షెడ్డులోంచి బయటికి వచ్చినప్పుడు మొహం చూడలేదు. కారులో కూర్చున్నాక అతనే చెప్పాడు. "ఈసారి భయంతో ఆగలేదు. కాలు లేచింది. కొట్టగలిగేవాణ్ణి. తల కనిపించింది, వదిలేశాను."

"ఇంకా ఆ కుర్రవాడేనా?" అన్నాను.

"ఇంకా అతనే" అన్నాడు. వెనక సీట్లో ఆంటీ కొంగుతో అతని తల తుడుస్తూ కూర్చుంది.

క్లబ్బు వాళ్ళు మంచిగానే చెప్పి పంపించారు. శాంటియాగో మీదుగా బ్రెజిల్‌కి టికెట్ తీసుకున్నాడు. ఇక ఏ దేశమూ పిలవదని అతనికి తెలుసు. వెళ్ళే రోజు అతను గరాజ్ గోడ మీద సుద్దగీత తడిబట్టతో తుడుస్తున్నాడు. బ్యాగు కారులో పెట్టడానికి నేను గదిలోకి వెళ్ళాను. పక్కజేబు జిప్ తీశాను. నల్లబడి, అక్రోటు కాయంత అయిపోయి, లోపల ఉంది. దాన్ని తీసి నా జాకెట్ జేబులో వేసుకుని జిప్ పెట్టేశాను. అప్పుడు నాకు పెద్ద ఆలోచనేం లేదు. అతను ఖాళీగా ఇంటికి వెళ్ళాలి, అంతే. నాకంటే చిన్న ఊరి నుంచి వచ్చి, నాకంటే ఎక్కువ దేశాలు తిరిగి, నాకంటే అలిసిపోయిన మనిషి. నాకు అతనంటే ఇష్టం. ఎయిర్‌పోర్ట్‌లో నన్ను కౌగిలించుకున్నప్పుడు ఆ కాయ మా ఇద్దరి మధ్యా గట్టిగా తగిలింది. అతనికి తెలియలేదు. లోపలికి వెళ్ళే తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, కాలు మార్చుకుని వెళ్ళాడు.

ఇంటికి వచ్చాక సాయంత్రం వంటింట్లో నిలబడి ఉంటే గరాజ్ వైపు నుంచి ఠప్ మని చప్పుడు వినిపించింది. వెళ్ళి చూశాను. తలుపు గట్టిగా వేసి ఉంది, గాలి లేదు, గోడ మీద తడి ఇంకా ఆరలేదు. నీకేమైనా వినిపించిందా అని నా స్నేహితుణ్ణి అడిగితే లేదన్నాడు. తర్వాత కూడా చాలాసార్లు వినిపించింది. మళ్ళీ అడగలేదు.

పెళ్ళయ్యాక ఆ ఇల్లు వదిలేశాను గానీ కాయ వదల్లేదు. ఎక్కడ వేస్తాను? ఏ రోడ్డు మీద వేసినా ఎవరో ఒకరు తొక్కుతారు. పెరట్లో పాతిపెడితే ఇల్లు మారాక వచ్చేవాళ్ళు తవ్వుతారు. ఒకసారి బార్బెక్యూ బొగ్గులు ఎర్రగా కాలుతుంటే పక్కన పట్టుకుని నిలబడ్డాను. చెయ్యి రాలేదు. నేనెన్నడూ చూడని ఆ కుర్రవాడు అందులో ఉన్నాడని నాకు గట్టిగా అనిపించింది. మళ్ళీ తీసుకొచ్చి, గరాజ్‌లో పనిముట్ల వెనక పాత కాఫీ డబ్బాలో పెట్టాను.

అతను అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. ఒకసారి గొంతు మారిపోయి మాట్లాడాడు. వాళ్ళ ఊళ్ళో ఆదివారాలు పెద్దవయసు వాళ్ళు ఆడుకునే ఆటలో గోల్ కొట్టాడట. గోల్‌కీపర్ ఎదురొచ్చాడట, ఇతను ఆగలేదట, ఇద్దరూ గుద్దుకుని పడ్డారట. "అతను లేచాడు" అన్నాడు. "లేచి నన్నూ మా అమ్మనీ కలిపి తిట్టాడు. ఎంత బాగా తిట్టాడో. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను." నాకూ కళ్ళు చెమర్చాయి.

కాసేపయ్యాక అడిగాడు. "నా బ్యాగులో నిమ్మకాయ లేదు. వచ్చిన రోజే చూశాను. నిన్ను అడగడానికి భయం వేసింది."

"శాంటియాగో ఎయిర్‌పోర్ట్‌లో తీసేసుకుని ఉంటారు" అన్నాను. "అక్కడ పండ్లూ కాయలూ రానివ్వరు."

"తీసుకుని ఏం చేస్తారు? పారేస్తారా?"

"లేదు, కాల్చేస్తారు. మిషన్‌లో వేసి బూడిద చేస్తారు. ఎవరూ తొక్కరు."

అవతల అతను గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. ఎన్నేళ్ళుగా పట్టుకున్న ఊపిరో అది. నేను ఫోను పెట్టేసి గరాజ్‌లోకి వెళ్ళి, డబ్బా మూత గట్టిగా ఉందో లేదో చూసుకుని వచ్చాను.

ఇలాంటివి నేను నమ్మను. ఎవరైనా అడిగితే ఇప్పటికీ అదే చెబుతాను. కానీ సాయంత్రం నా కూతుర్ని డేకేర్ నుంచి తీసుకురావడానికి వెళతాను. గేటు తీయగానే అది రెండు చేతులూ చాచి నా మీదికి పరిగెత్తుకొస్తుంది. ఎత్తుకోవాలని నేనూ ముందుకు వెళతాను. సరిగ్గా దగ్గరికి వచ్చేసరికి నా కాళ్ళు ఆగిపోతాయి. చుట్టూ ఉన్న పిల్లల గోలంతా ఒక్క క్షణం వినిపించదు. మొన్న అది నా ముందు నిలబడి, తల పైకెత్తి, రోజూ ఎందుకు ఆగిపోతావు డాడీ అని ఇంగ్లీషులో అడిగింది. బూటు లేసు ఊడిందని చెప్పి, వంగి, ఊడని లేసు మళ్ళీ కట్టుకున్నాను.